చూసినవి, కొట్టినవి

తుర్గేనెవ్ 'వేటగాడి కథలు' 1852లో పుస్తకంగా వచ్చింది. అందులో రెండో కథ ఒక మిల్లు యజమాని భార్య గురించి. కానీ కథ ఆమెతో మొదలవదు. కథకుడు ఎర్మొలాయ్ అనే వేటగాణ్ణి వెంటబెట్టుకుని సాయంత్రం పూట అడవి అంచుకి బయల్దేరతాడు. బయల్దేరాక, తామిద్దరూ ఎందుకు వెళ్తున్నారో చదివేవాళ్ళకి తెలీదేమో అని అనుమానమొచ్చి, కథ ఆపి మరీ చెప్తాడు. రష్యన్లో దాన్ని 'త్యాగ' అంటారు. మన త్యాగానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. వసంతకాలంలో, పొద్దుగూకే వేళ ఒకానొక పిట్ట జతకోసం చెట్ల మీదుగా తిరుగుతుంది. దాని దారిలో నిలబడి, వచ్చినప్పుడు కాల్చడం, అంతే 'త్యాగ' అంటే.

అంతే అన్నాను గానీ, తుర్గేనెవ్ అంతటితో వదలడు. ఎండ చెట్ల మొదళ్ళ దగ్గర్నించి చిటారు కొమ్మలకి ఎలా ఎక్కిపోతుందో, పిట్టలన్నీ ఒకేసారి కాకుండా ఏ జాతి తర్వాత ఏ జాతి సద్దుమణుగుతుందో, మొదటి చుక్కలు ఎప్పుడు కనిపిస్తాయో అన్నీ చెప్తాడు. ఇక ఇవాళ్టికి రాదేమో అనుకునేటప్పుడు, నల్లబడ్డ బిర్చి చెట్టు వెనకనించి పొడుగు ముక్కు కిందికి వాల్చుకుని అది నింపాదిగా వస్తుంది. తుపాకీకి ఎదురుగా వస్తుంది.

ఇంజనీరింగ్ రెండో ఏడులో, ఆబిడ్స్‌లో ఆదివారంనాడు పేవ్‌మెంట్ మీద పరిచే పుస్తకాల్లో ఈ పుస్తకం పాత ఇంగ్లీషు కాపీ ఒకటి దొరికింది నాకు. ఆ పేజీ అప్పట్నించీ ఎన్నిసార్లు చదివుంటానో. ఒక్క ప్రశ్న మాత్రం ఎప్పుడూ తెగలేదు. చంపడానికి వెళ్ళినవాడు, చంపబోయే ముందు అరగంటసేపు ప్రపంచాన్ని ఇంత శ్రద్ధగా చూస్తాడు కదా, ఆ శ్రద్ధ తుపాకీ చేతిలో ఉన్నందువల్ల వచ్చిందా? తుపాకీ తీసేస్తే ఆ పేజీ మిగులుతుందా? చాలాకాలం ఇది నాకు పుస్తకాల ప్రశ్నే. మూడేళ్ళ క్రితం ఉద్యోగం మారి ఐర్లండ్‌లో గాల్వేకి వచ్చాక, తుర్గేనెవ్ పిట్ట తన రెండో చిరునామాలో నాకు ఎదురైంది.

*

ముందు పేరు సంగతి. రష్యన్లో వాల్డ్‌ష్నెప్, ఫ్రెంచిలో బెకాస్, ఇంగ్లీషులో వుడ్‌కాక్. తెలుగులో దీనికి ఇంటింటా తెలిసిన పేరు లేదు, ఎందుకంటే ఇది మన మైదానాలకి వచ్చే పిట్ట కాదు. హిమాలయాల్లో గుడ్లు పెట్టేవి చలికాలానికి నీలగిరుల దాకా దిగుతాయి. ఊటీలో దొరలు వీటిని షోలా అడవుల్లో వేటాడేవాళ్ళు. దాటితే అక్కడికే. ఎవరైనా అనువాదకుడు మాటకి మాట పెట్టి 'అడవికోడి' అన్నాడంటే మొత్తం చెడుతుంది. అడవికోడి వేరు, దాని కూత వేరు, దాని కూర వేరు. కొన్ని ఇంగ్లీషు అనువాదాల్లో దీన్ని 'స్నైప్' అని సరిపెట్టారు. స్నైప్ దీని దగ్గరి చుట్టమే, మన వరిమళ్ళలోకి చలికాలం వచ్చే పొడుగు ముక్కు పిట్ట. కానీ స్నైప్ బురదలో ఉంటుంది, ఇది చెట్ల కింద ఉంటుంది. సీనంతా చెట్ల మీద ఆధారపడి ఉన్నప్పుడు ఆ తేడా చిన్నదేం కాదు. అందుకని నేను వుడ్‌కాక్ అనే అంటాను.

మూడొందల గ్రాముల పిట్ట. ఒక పెద్ద మామిడిపండంత బరువు. వంటి మీద ఎండుటాకుల రంగులన్నీ ఉంటాయి: గోధుమ, ఇటుక, బూడిద, నలుపు చారలు. పగలంతా అడవిలో ఆకుల మీద కదలకుండా కూర్చుంటుంది. రెండడుగుల దూరంలో ఉన్నా మనకి కనపడదు. దానికి మాత్రం మనం కనపడుతూనే ఉంటాం. దాని కళ్ళు తల వెనక్కీ పైకీ జరిగిపోయి ఉంటాయి, మెడ తిప్పకుండా చుట్టూ, తన వెనకాల కూడా చూడగలదు. కళ్ళు వెనక్కి పోవడంతో చెవులు కళ్ళ కిందికి వచ్చాయి. చీకటి పడ్డాక పచ్చిక బయళ్ళలోకి ఎగిరొచ్చి, పొడుగు ముక్కు నేలలోకి దింపి వానపాముల్ని వెతుక్కుంటుంది. ముక్కు మొత్తం తెరవక్కర్లేదు, కొస ఒక్కటీ మట్టి లోపలే తెరుచుకుంటుంది. తోక ఈకల కొసలకి, కింది వైపు, తెల్లటి చుక్కలు. మామూలుగా కనపడవు. ఆ తెలుపు మీద పడ్డ కాంతిలో 55 శాతం దాకా తిరిగొస్తుందనీ, ఇప్పటిదాకా కొలిచిన పిట్టల ఈకలన్నిటిలోకీ అదే ఎక్కువ తెలుపనీ 2023లో ఒక పరిశోధన తేల్చింది. ఒళ్ళంతా దాచుకునే పిట్ట, చీకట్లో తనవాళ్ళకి చూపించుకోడానికి అంత తెలుపు కింద దాచిపెట్టుకుంది.

వసంతంలో స్కాండినేవియా, బాల్టిక్ దేశాలు, రష్యా అడవుల్లో పిల్లల్ని పెంచుతుంది. అక్కడ నేల గడ్డకడితే ముక్కు దిగదు, తిండి ఉండదు. అందుకని శీతాకాలం ముందే పడమటికి బయల్దేరుతుంది. ఫ్రాన్స్, ఇంగ్లండ్, చిట్టచివర ఐర్లండ్. ఇంగ్లండ్ నైరుతి మూలన కార్న్‌వాల్‌లో శాటిలైట్ ట్యాగ్ తగిలించి వదిలిన పిట్టలు కొన్ని వసంతానికల్లా సైబీరియా చేరాయి. అంటే, తుర్గేనెవ్, టాల్‌స్టాయ్‌లు ఏప్రిల్లో ఎదురుచూసిన పిట్ట, నాలుగు నెలల ముందు ఈ పడమటి గట్టు మీద ఎక్కడో వానపాములు తింటూ ఉండొచ్చు. నేను హాస్టల్ గదిలో చదివింది కథలో మొదటి సగమే.

*

మా టీమ్‌లో ఒకమ్మాయి వాళ్ళ నాన్న రిటైరైన స్కూలు మేష్టారు. స్లీవ్ ఆటీ కొండల దగ్గర, గాల్వే కౌంటీ అయిపోయి క్లేర్ కౌంటీ మొదలయ్యేచోట వాళ్ళ ఊరు. ఆఫీసులో లంచ్ టైమ్‌లో నేను తుర్గేనెవ్ గోల మొదలుపెడితే ఆ అమ్మాయి నవ్వి, "మా నాన్న పుస్తకం అవసరం లేకుండానే రోజూ ఇదే చెప్తాడు" అంది. అలా పరిచయం. డెబ్భై దాటినాయన, ఒక స్ప్రింగర్ స్పానియల్ కుక్క, రెండు గొట్టాల పాత తుపాకీ. ఈ వ్యాసంలో ఆయన పెద్దాయనే, పేరక్కర్లేదు.

ఇక్కడ నవంబరు 1 నించి జనవరి 31 దాకా వుడ్‌కాక్ సీజన్. పెద్దాయన లెక్క క్యాలెండరుతో నడవదు. తూర్పుగాలి రావాలి, చంద్రుడు నిండాలి. నవంబరు పౌర్ణమిని ఇంగ్లీషులో వుడ్‌కాక్ మూన్ అంటారు, ఆ వెలుగులో సముద్రం దాటి దిగుతాయని. వాటికి రెండు మూడు రోజుల ముందు గోల్డ్‌క్రెస్ట్ అనే బొటనవేలంత పిట్ట వస్తుంది, దాన్ని 'వుడ్‌కాక్ పైలట్' అనేవాళ్ళట. పదిహేడో శతాబ్దంలో చార్ల్స్ మోర్టన్ అనే పండితుడు వలస పిట్టలు చంద్రుడి మీదికి వెళ్ళొస్తాయని గట్టిగా వాదించాడు. చూసేవాళ్ళకి అంతకంటే దగ్గర్లో ఆధారం ఏముంది? నిన్న లేదు, రాత్రి చంద్రుడొచ్చాడు, పొద్దున్న చెట్టు కింద ఉంది.

నవంబరు పౌర్ణమి అంటే మనకి సాధారణంగా కార్తీక పౌర్ణమి. ఆ రాత్రి మా ఆవిడ గాల్వేలో ఫ్లాట్ బాల్కనీలో, స్మోక్ అలారం మోగకుండా తలుపేసి, 365 వత్తులు వెలిగించింది. గాలికి చెయ్యి అడ్డం పెట్టి నేను పక్కన నిలబడ్డాను. ఫోన్‌లో పెద్దాయన మెసేజి: "గాలి తిరిగింది. శనివారం వస్తావా?" ఒకే చంద్రుడు. ఒక ఇంట్లో దీపం పెట్టి మాంసం మానేసే నెల, ఇంకో ఇంట్లో తుపాకీ నూనె పెట్టి తుడిచే నెల. మా ఆవిడకి చూపిస్తే చదివి, "వెళ్ళు. ఈ నెల మాత్రం అది నా వంటింట్లోకి రాకూడదు" అంది.

*

తుపాకీ పట్టాలంటే ఇక్కడ పోలీసుల దగ్గర లైసెన్సుండాలి. నాకు లేదు. కాబట్టి నా పని నడవడం. పెద్దాయన అడవి బయటి అంచున నడుస్తాడు, కుక్క లోపల వెతుకుతుంది, నేను కుక్కకి ఇటుపక్క కర్రతో పొదలు తడుతూ వస్తాను. చూడ్డానికే వెళ్ళానని చెప్పుకోడానికి వీల్లేని పని అది. ఒకటి లేస్తే నా వల్ల లేస్తుంది.

నేలంతా నానిపోయి ఉంది. స్ప్రూస్ చెట్లు వరసల్లో నాటిన చీకటి తోట ఒకవైపు, ఆ పక్కన పాతకాలపు హేజెల్, హోలీ పొదలు. పెద్దాయన మొదటి గంటలో ఒక్కసారి కూడా తుపాకీ ఎత్తలేదు. నేల చూపించాడు. ఒక పచ్చిక గట్టు మీద పెన్సిల్ గుచ్చినట్టు చిన్న చిన్న కన్నాలు, పక్కన సున్నం చల్లినట్టు తెల్లటి రెట్ట. "రాత్రి ఇక్కడ తిన్నాయి. తిని దూరం పోవు. దక్షిణం వైపు వాలులో, గాలి తగలని చోట, కిందనుంచి ఎగరడానికి ఖాళీ ఉన్న హోలీ చెట్టు వెతుకు." ఆయన చెప్పాక నాకు అడవి చెట్ల గుంపులా కనపడటం మానేసింది. ఏ చెట్టు కింద కూర్చోవచ్చు, ఏ చెట్టు కింద కూర్చోదు, ఎటు లేస్తుంది. కోడ్‌లో బగ్ ఎక్కడుందో చూడకుండానే వాసన పట్టే సీనియర్లు కొందరుంటారు, అలాంటి చూపు. ఈ చూపు ఆయనకి ఎవరో పుస్తకం ఇచ్చి నేర్పలేదు. అరవై ఏళ్ళు కొట్టి నేర్చుకున్నాడు.

మొదటిది ఆయనకి అవతలి వైపు లేచింది. రెక్కల చప్పుడు మాత్రం విన్నాను. పెద్దాయన తుపాకీ ఎత్తి, దించేసి, "పోనీ" అన్నాడు. రెండోది నా కాలి దగ్గరే ఉంది. నేను పక్క అడుగు వేసి ఉంటే అది కదిలేది కాదు, తెలిసేదీ కాదు. కుక్క అటెక్కడో ఉంది. ఆకుల కుప్పలో ఒక ముక్క పైకి లేచినట్టు లేచి, రెండు చెట్ల మధ్య మెలిక తిరిగి, అంచు దాటి బయటి వెలుగులోకి వెళ్ళింది. ఒక్క దెబ్బ వినపడింది.

కుక్క తెచ్చి ఆయన చేతికిస్తే ఆయన నా చేతిలో పెట్టాడు. వెచ్చగా ఉంది. నేను ఊహించిందానికన్నా మెత్తగా ఉంది. కన్ను పెద్దది, నల్లటిది, తెరిచే ఉంది. పెద్దాయన దాని తోక కింద వేలు పెట్టి ఈకలు విప్పి ఆ తెల్లటి చుక్కలు చూపించాడు. తర్వాత రెక్క మూల నుంచి ఒక చిన్న సూదిలాంటి ఈక పీకాడు. పిన్ ఫెదర్. రెక్కకొకటి చొప్పున ఉంటుంది. పాతరోజుల్లో సూక్ష్మచిత్రాలు వేసేవాళ్ళు దాన్ని కుంచెగా వాడేవాళ్ళు. వేటగాళ్ళు టోపీలో గుచ్చుకుంటారు. ఆయన నా జాకెట్ జేబులో వేశాడు. "నీదే కదా ఇది" అన్నాడు. మెచ్చుకోలుగా అన్నాడాయన. నాకు మాత్రం ఇంటికొచ్చేదాకా ఆ మాట ఒకచోట కుదురుగా కూర్చోలేదు.

*

ఆ రాత్రి 'అన్నా కెరినినా' తీసి రెండో భాగం 15వ అధ్యాయం మళ్ళీ చదివాను. లెవిన్ ఇంటికి స్తీవా వస్తాడు. ఇద్దరూ 'త్యాగ'కి వెళ్తారు. కిట్టీ గురించి అడగాలని లెవిన్ గుండె కొట్టుకుంటోంది, అహం అడగనివ్వడం లేదు. పిట్టలు వస్తున్నాయి, కాలుస్తున్నారు. చీకటి పడింది, వెళ్దామంటాడు స్తీవా. బిర్చి కొమ్మ కింద కనపడే శుక్రుడు ఆ కొమ్మ పైకి వచ్చేదాకా ఉందామంటాడు లెవిన్. అప్పుడు అడుగుతాడు. కిట్టీకి పెళ్ళి కాలేదు, జబ్బుగా ఉంది అని స్తీవా చెప్తుండగానే ఈల. ఇద్దరూ ఒకేసారి కాలుస్తారు. లెవిన్ కుక్క వెనక పొదల్లోకి పరిగెత్తుతాడు. ఏదో బాధ కలిగిందే ఇందాక, ఏమిటది, అని ఒక క్షణం గుర్తుచేసుకోవాల్సి వస్తుంది అతనికి.

నాకు ఎప్పుడూ గొప్పగా తోచే చోటు అది. మనసులో అతి పెద్ద విషయం నడుస్తుండగా చెయ్యి తుపాకీ ఎత్తడం, ఆ రెండూ ఒకదాన్నొకటి చెరపకపోవడం. ఈసారి చదివినప్పుడు కూడా గొప్పగానే ఉంది. కానీ ఇంకోటి కనపడింది. ఆ అధ్యాయంలో పిట్టకి గొంతుంది, రంగుంది, ఎగిరే తీరుంది, కన్ను మాత్రం లేదు. పడ్డాక లెవిన్ దాన్ని సంచిలో వేస్తాడు. అక్కడితో అది అయిపోయింది.

కన్ను చెహోవ్ దగ్గరుంది. 1892 ఏప్రిల్లో సువోరిన్‌కి రాసిన ఉత్తరంలో. అప్పుడే మేలిహొవో కొనుక్కుని చేరాడు చెహోవ్. చిత్రకారుడు లెవితాన్ చూడ్డానికొచ్చాడు. ఇద్దరూ 'త్యాగ'కి వెళ్ళారు. లెవితాన్ కాల్చాడు, రెక్కకి తగిలింది, పిట్ట నీళ్ళగుంటలో పడింది. చెహోవ్ చేతిలోకి తీసుకున్నాడు. పొడుగు ముక్కు, పెద్ద నల్లకళ్ళు, అందమైన వేషం, ఆశ్చర్యపోయి చూస్తోంది. ఏం చెయ్యాలి? లెవితాన్ మొహం ముడుచుకుని, కళ్ళు మూసుకుని, దాని తల తుపాకీ మడమకేసి కొట్టెయ్యమని బతిమాలుతున్నాడు. చెహోవ్ తన వల్ల కాదంటున్నాడు. పిట్ట ఇంకా ఆశ్చర్యంగానే చూస్తోంది. చివరికి చెహోవే చంపాడు. ప్రేమలో ఉన్న ఒక అందమైన ప్రాణం లోకంలో తగ్గిపోయిందనీ, తామిద్దరూ మాత్రం బుద్ధిలేనివాళ్ళలా ఇంటికెళ్ళి భోజనానికి కూర్చున్నామనీ రాశాడు. నాలుగేళ్ళ తర్వాత 'సీగల్' రంగం మీదికి వచ్చింది, అందులో ఊరికే కాల్చి పడేసిన ఒక పిట్ట ఉంటుంది.

గమనించండి, చెహోవ్ జాలిపడలేదు అంటే తప్పు, జాలిపడ్డాడు అంటే చాలదు. డాక్టరు కదా, బతకదని తెలుసు. చంపడం తప్పదని తెలుసు. అందుకని చేశాడు. చేసి, దాన్ని అందంగా చెప్పలేదు. ఆ ఉత్తరంలో సాయంకాలపు వెలుగు గురించి పెద్దగా ఏమీ లేదు. తుర్గేనెవ్ పేజీ నిండా ఉన్నది చెహోవ్ దగ్గర లేదు, తుర్గేనెవ్ పేజీ అయిపోయాక జరిగేది చెహోవ్ దగ్గరుంది. రెండూ ఒకే పిట్ట గురించి కాబట్టి రెండూ కలిపి చదవాలి, ఒకటి ఎంచుకోవడం కాదు.

ఇంకో సాయంత్రం కూడా ఉంది. 1880 వసంతంలో తుర్గేనెవ్ యాస్నయా పొల్యానాకి వచ్చాడు. మాస్కోలో పుష్కిన్ విగ్రహావిష్కరణకి టాల్‌స్టాయ్‌ని రమ్మని పిలవడానికి. టాల్‌స్టాయ్ అతన్ని 'త్యాగ'కి తీసుకెళ్ళి, అతిథి కాబట్టి మంచి చోటు చూసి నిలబెట్టాడు. పక్కన టాల్‌స్టాయ్ భార్య సోఫియా. మీరిప్పుడు ఎందుకు రాయడం లేదని అడిగింది. రాయాలంటే ఎప్పుడూ తనకి ప్రేమజ్వరం పట్టుకోవాలనీ, ఆ రోజులు అయిపోయాయనీ చెప్పాడట. అవతల టాల్‌స్టాయ్ వైపు నించి తుపాకీ మోత మీద మోత. తుర్గేనెవ్ కూడా ఒకటి కొట్టాడు, కుక్క ఎంత వెతికినా దొరకలేదు. గురి తప్పిందని అతిథిని ఆటపట్టించారు. తెల్లారి చూస్తే ఆ పిట్ట కొమ్మల పంగలో ఇరుక్కుని ఉంది. ఇది టాల్‌స్టాయ్ కొడుకు ఇల్యా జ్ఞాపకాల్లో ఉంది. 'త్యాగ' అంటే ఏమిటో లోకానికి చెప్పిన మనిషి, వెతికితే దొరకని పిట్ట, ఇంక రాయలేనన్న మాట. తర్వాత కొన్నేళ్ళకి టాల్‌స్టాయ్ వేటా మానేశాడు, మాంసమూ మానేశాడు.

*

మా పిట్ట పెద్దాయన షెడ్డులో వారం వేలాడింది. వీటిని అలా వేలాడదీస్తేనే మాంసం పదునుకొస్తుందట. తర్వాత ఆయన ఫ్రీజర్లో ఉంది. పోలి పాడ్యమి నాడు మా ఆవిడ దీపాలు నీళ్ళలో వదిలాక, కార్తీకం అయిపోయాక, అప్పుడు తెచ్చుకున్నాను. పేగులు తీయకుండా వండాలి, లేచేటప్పుడే కడుపు ఖాళీ చేసుకుంటుంది కాబట్టి పర్వాలేదు, వాటిని రొట్టె మీద పూసుకుని తినాలి అని పెద్దాయన ఆజ్ఞ. మసాలా వేస్తే చూస్కో అని హెచ్చరిక కూడా. మపాసా 1883లో ఒక కథల సంపుటికి ఈ పిట్ట పేరే పెట్టాడు. అందులో వేటకి వెళ్ళలేని ఒక ముసలి బారన్ విందులో, సీసా మీద తిరిగే సూది ఎవరివైపు ఆగితే వాళ్ళకి అన్ని పిట్టల తలలూ దక్కుతాయి, బదులుగా వాళ్ళో కథ చెప్పాలి. మా ఇంట్లో ఒక్కటే తల, సూది అక్కర్లేకపోయింది. ఉప్పు, మిరియాలు, వెన్న. ముదురు రంగు మాంసం, కాస్త చేదు, మట్టి వాసన. ఇద్దరం తిన్నాం. మా ఆవిడ మాటల్లేకుండా తిని, చివర్లో, "కోడిని తిన్నప్పుడు అది ఎక్కణ్ణించి వచ్చిందో ఎప్పుడూ అడగలేదు మనం" అంది.

ఆ మాట వేటని సమర్థించదు, నాకు తెలుసు. పక్కవాడు ఇంకా ఘోరం చేస్తున్నాడన్నది వాదన కాదు. లెక్కలు కూడా సూటిగా లేవు. చలికాలం ఇక్కడికి వచ్చేవి లక్షల్లో ఉంటాయి, వాటి పెద్ద సంసారం రష్యాలో ఉంది. కానీ బ్రిటన్, ఐర్లండ్‌లలోనే పుట్టి ఇక్కడే ఉండేవి వేరే ఉన్నాయి, అవి బాగా తగ్గిపోయాయి. బ్రిటన్‌లో 2015 నించీ వాటిని రెడ్ లిస్టులో పెట్టారు. గాల్లో ఉన్నప్పుడు ఏది స్థానికమో ఏది వచ్చిందో తుపాకీ పట్టినవాడికి తెలిసే దారి లేదు. వచ్చినవి నిండుగా ఉండేదాకా, అంటే డిసెంబరు దాకా కొట్టకండని అక్కడి వేట సంరక్షణ సంస్థే చెప్తుంది. ఫ్రాన్స్‌లో మనిషికి సీజన్‌కి ముప్ఫై అని హద్దు. మరోపక్క, ఒకే లేవడంలో రెండు పిట్టల్ని రెండు దెబ్బలకి సాక్షుల ముందు పడగొట్టినవాళ్ళని చేర్చుకునే క్లబ్బు కూడా ఇంగ్లండ్‌లో ఉంది. నిగ్రహమూ గొప్పలూ ఒకే కోటు వేసుకుని తిరుగుతాయి.

నన్ను ఇబ్బంది పెట్టేది ఇంకోటి. ఈ పిట్ట గురించి మనకి తెలిసిందాంట్లో చాలా భాగం కొట్టినవాళ్ళు చెప్పిందే. వేటగాళ్ళు పంపే రెక్కల్ని చూసే ఆ ఏడు పిల్లలు ఎన్ని బతికాయో అంచనా వేస్తారు. మన దగ్గరా అంతే కదా. హ్యూమ్ పోగుచేసిన పిట్టలన్నీ కొట్టి తెచ్చినవే. సలీం అలీ జీవితం, చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో కొట్టిన ఒక పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ ఎందుకుందని అడగడంతో దారి తిరిగింది. మా తాతయ్య గుంటూరు జిల్లాలో పూరేడు పిట్టలకి వల వేసేవాడట, ఏ చేలో ఎప్పుడు దిగుతాయో ఆయనకి తెలుసట. మా నాన్నకి వల తెలీదు, పూరేడూ తెలీదు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, మంచిదే. వల పోయింది. దాంతోపాటు పోయినదాన్ని వేరే రకంగా తిరిగి తెచ్చుకోవాల్సిన బాధ్యత మా మీద పడింది, మేం తెచ్చుకోలేదు. నేను హైదరాబాద్‌లో ఉన్న పదేళ్ళలో ఏ పిట్ట ఏ నెలలో వస్తుందో ఒక్కటి కూడా చెప్పగలిగేవాణ్ణి కాదు.

*

జనవరి ఆఖరి శనివారం పెద్దాయన అడిగాడు. ఆయన పిల్లలెవరికీ వేట మీద ఆసక్తి లేదు. కుడికన్ను మసకబారుతోంది. లైసెన్సుకి దరఖాస్తు చెయ్యి, ఆ తుపాకీ నీకిస్తానన్నాడు. ఆ తుపాకీ ఆయన తండ్రిది. ఇలాంటిది ఒకరు మనకిస్తానన్నప్పుడు వద్దనడం చిన్న విషయం కాదు. ఒక వారం టైమడిగాను.

వారం తర్వాత వెళ్ళి తుపాకీ వద్దన్నాను. కారణం చెప్పబోతే, "వద్దంటే చాలు" అన్నాడు. ఆ డైరీలు ఇస్తారా అని అడిగాను. వంటింటి అలమరలో స్కూలు నోటుబుక్కులు వరసగా ఉంటాయి, నలభై ఏళ్ళవి. తేదీ, గాలి, చంద్రుడు, చోటు, తర్వాత రెండు నిలువు గళ్ళు: చూసినవి, కొట్టినవి. ఆశ్చర్యంగా చూసి ఇచ్చాడు.

నాకొచ్చిన పని అదొక్కటే కదా, స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. సగం అయింది. మొదటి పుస్తకాల్లో రెండు గళ్ళూ దగ్గర దగ్గరగా నడుస్తాయి. పోనుపోనూ రెండోది సన్నబడిపోతుంది. మొదటిది మాత్రం ప్రతి శనివారం నిండుతూనే ఉంటుంది. నేల గడ్డకట్టిన వారాల్లో ఒకే మాట: "తుపాకీ తియ్యలేదు." వెళ్ళి చూశాడు, రాసుకున్నాడు, తియ్యలేదు. ఆయన్ని అడిగాను, కొట్టడం ఇంత తగ్గించాక అసలు తుపాకీ ఎందుకు మోసుకెళ్తున్నారని. కాసేపు ఆలోచించి, "అది లేకపోతే ఆ వానలో ఎవడు బయటికి పోతాడయ్యా?" అన్నాడు.

హాస్టల్ రోజుల్నించీ నేను వెంటేసుకు తిరుగుతున్న ప్రశ్నకి ఇది జవాబే. నిజాయితీ ఉన్న జవాబు. ఇంట్లో కూర్చుని కాదనడానికి నాకు ఏ హక్కూ లేదు. కాదని చూపించాలంటే వానలో వెళ్ళడం ఒక్కటే దారి.

ఫిబ్రవరిలో, సీజన్ అయిపోయాక, ముగ్గురం వెళ్ళాం. ఆయన, నేను, కుక్క. తిండి దొరకని కాలంలో లేపితే వాటికి బలం దండగ కాబట్టి ఒక్క పొద మాత్రమే, ఒక్కసారే అన్నాడు. అన్నట్టే కుక్క హోలీ చెట్టు కింద నిలబడింది, పిట్ట లేచింది. పెద్దాయన భుజం అలవాటు కొద్దీ అరంగుళం కదిలింది. పిట్ట అంచు దాటి, పొలం దాటి, అవతలి చెట్లలో దిగింది. ఈసారి దాన్ని మొత్తం చూశాను, లేచిన దగ్గర్నించి దిగేదాకా. కుక్క మాత్రం దెబ్బ వినపడలేదేమని వెనక్కి తిరిగి మా ఇద్దరి మొహాలూ చూసింది, చాలాసేపు. దానికి చెప్పడానికి మా ఇద్దరి దగ్గరా ఏమీ లేదు. పెద్దాయన పట్టీ తగిలించి, "పద" అన్నాడు.

మార్చిలో అవి మళ్ళీ తూర్పుకి వెళ్ళిపోయాయి, తుర్గేనెవ్ చెట్ల వైపుకి. అక్కడ వసంతంలో వాటికోసం ఇప్పటికీ తుపాకులతో నిలబడేవాళ్ళున్నారు. వచ్చే నవంబరుకి నోటుబుక్కు నా దగ్గరుంటుంది. రెండో గడి తీసెయ్యమంటావా అని ఆయన అడిగాడు గానీ, వద్దన్నాను. ఖాళీగా ఉన్నా అదక్కడ ఉండాలి.